పాత కంప్యూటరు వేగము పెంచుట లాభమా?

పాఠశాలలోని పాత కంప్యూటరు మెల్లగా పనిచేయుచున్నప్పుడు రెండు ఆలోచనలు కలుగును. ఒకటి, ఏదైన భాగమును మార్చుట. ఇందుకు డబ్బు కావలెను. రెండవది, ఉన్న ప్రాసెసరునే నిర్ణీత వేగమునకు మించి నడుపుట. దీనిని ఓవర్‌క్లాకింగ్ అందురు. ఇందుకు పైసా ఖర్చు లేదని తోచును. ఈ మాట ఎంతవరకు నిజమో లెక్క కట్టి చూడవలెను.

ప్రాసెసరులోని పనులన్నియు ఒక గడియారపు టిక్కుల ననుసరించి జరుగును. పడవవాండ్రు ‘హైలెస్సా’ అను కేకకు అనుగుణముగా అందరును ఒక్కసారిగా తెడ్లు వేయునట్లే, ప్రతి టిక్కునకును ప్రాసెసరులోని ట్రాన్సిస్టర్లు ఒక అడుగు పని ముగించును. కేక త్వరపడినచో పడవ వేగము హెచ్చును. కాని ఒక తెడ్డు నీటినుండి లేవకముందే మరొక కేక వినబడినచో వరుస చెడును. తయారుచేయు సంస్థలు ఇట్టి ప్రమాదము కలుగకుండ కొంత వేగమును మిగిల్చి, తక్కువ వేగమునే నిర్ణయించును. ఆ మిగులును వాడుకొనుటయే ఓవర్‌క్లాకింగ్.

ఒకప్పుడిది చాల లాభసాటి పని. 1998లో ఇంటెల్ సంస్థ సెలెరాన్ 300ఎ అను చౌకరకపు ప్రాసెసరును విడుదల చేసినది. దాని వేగము 300 మెగాహెర్ట్జులు, అనగా సెకనుకు 30 కోట్ల టిక్కులు. మదర్‌బోర్డు గడియారమును 66 నుండి 100 మెగాహెర్ట్జులకు మార్చగానే అవి అనేకము 450 మెగాహెర్ట్జుల వేగముతో నడచినవి. అదే వేగముగల పెంటియం 2 ప్రాసెసరు అప్పుడు చాల ఎక్కువ ధర పలికినది.

అయితే ఈ లాభము ఊరక రాదు. ట్రాన్సిస్టర్లు పనిచేయుటకు ఖర్చగు విద్యుచ్ఛక్తి, టిక్కుల సంఖ్యకును వోల్టేజి వర్గమునకును అనులోమానుపాతములో నుండును. 2007లో వచ్చిన కోర్ 2 క్వాడ్ క్యు6600 ప్రాసెసరును తీసికొందము. దాని వేగము 2.4 గిగాహెర్ట్జులు. దానిని 3 గిగాహెర్ట్జులకు పెంచినచో వేగము నూటికి 25 వంతులు హెచ్చును. అందుకై వోల్టేజిని నూటికి 10 వంతులు పెంచవలసి వచ్చినదనుకొనినచో, శక్తి 1.25 × 1.1 × 1.1, అనగా సుమారు 1.51 రెట్లగును. పావువంతు వేగమునకు సగమువంతు అదనపు వేడి! ఆ వేడిని తొలగించుటకు పెద్ద ఫ్యాను కొనవలెను. పాత విద్యుత్ సరఫరా పెట్టె కూడ ఆ భారమును మోయగలిగి యుండవలెను.

ఇంతకంటె పెద్ద ప్రమాదము వేరొకటి కలదు. వేగము మితిమీరినప్పుడు కంప్యూటరు ఆగిపోయినచో మేలే; తప్పు వెంటనే తెలియును. కాని ఆగకుండ తప్పు ఫలితము నిచ్చినచో ఎవరికిని తెలియదు. ఆటలో ఒక చుక్క రంగు మారిన నష్టము లేదు. విద్యార్థుల మార్కుల పట్టికలో ఒక అంకె మారినచో అది ఒక పిల్లవాని భవిష్యత్తుకు సంబంధించిన విషయము.

ఇక అసలు ప్రశ్న: కంప్యూటరు నిజముగా దేనికొరకు ఆగుచున్నది? పాత హార్డ్‌డిస్కు సాధారణముగా నిమిషమునకు 7,200 సార్లు, అనగా సెకనుకు 120 సార్లు తిరుగును. కావలసిన సమాచారము ముల్లు క్రిందికి వచ్చుటకు సగటున అర చుట్టు, అనగా సెకనులో 240వ వంతు కాలము పట్టును. ఆ కాలములో 2.4 గిగాహెర్ట్జుల ప్రాసెసరు కోటి టిక్కులు వేచియుండును. దానిని 3 గిగాహెర్ట్జులకు పెంచినచో కోటి ఇరువదియైదు లక్షల టిక్కులు వేచియుండును! నిరీక్షణ తగ్గలేదు, నిరీక్షించుచు వేయు టిక్కులు మాత్రమే పెరిగినవి.

ఒక పనికి 60 సెకనులు పట్టుననియు, అందులో ప్రాసెసరు పని 20, డిస్కు పని 40 అనియు అనుకొందము. ప్రాసెసరు వేగమును నూటికి 25 వంతులు పెంచినచో మొత్తము 56 సెకనులగును. డిస్కును పది రెట్లు వేగవంతము చేసినచో 24 సెకనులే. పనిలో మెరుగుపడని భాగమే మొత్తము లాభమునకు హద్దు గీయును. 1967లో అమెరికను ఇంజనీరు జీన్ ఆమ్‌డాల్ సమాంతర గణనమును గూర్చి ప్రతిపాదించిన సూత్రపు సారమిదియే.

కావున మొదట కొలిచి చూడవలెను. విండోస్‌లోని టాస్క్ మేనేజర్ ఏ భాగము పూర్తిగా నిమగ్నమై యున్నదో చూపును. డిస్కు అయినచో, తిరుగు భాగములు లేని ఎస్.ఎస్.డి. అమర్చుట మేలు. ర్యాము నిండిపోయినచో దానిని పెంచవలెను. ప్రాసెసరే అయినచో, టిక్కునకు ఎక్కువ పని ముగించు కొత్త ప్రాసెసరు కొంతకాలమునకైనను అవసరమగును. ఓవర్‌క్లాకింగ్ నేర్చుకొను ఆసక్తికి మంచి సాధనమే. అది ప్రయోగమునకు కేటాయించిన యంత్రముపై జరుగవలెను గాని, మార్కుల పట్టిక యున్న యంత్రముపై కాదు.