వేరుశనగ విత్తే యంత్రాల్లో అరిగిన చైన్లు - సాళ్లలో ఏర్పడే ఖాళీలు

ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాల ఎర్ర నేలల్లో వర్షాధార వేరుశనగను సాళ్ల మధ్య 30 సెం.మీ., మొక్కల మధ్య 10 సెం.మీ. దూరంలో విత్తుకోవాలి. ఆ లెక్కన చదరపు మీటరుకు 33 మొక్కలుండాలి. క్షేత్ర పరిశీలనలో 26 మాత్రమే కనిపిస్తే మొలక శాతం, నేలలో తేమ, విత్తన శుద్ధి, విత్తిన లోతు అన్నింటినీ విచారిస్తాం. విత్తే యంత్రపు చైను మాత్రం విచారణకు రాదు. అది మెకానిక్కుల విషయమని సస్యశాస్త్రజ్ఞులం పక్కన పెట్టేశాం. కానీ పాత యంత్రాల విషయంలో మొక్కల సాంద్రతను గురించి మాట్లాడేవారు చైనును గురించి కూడా మాట్లాడక తప్పదు.

ట్రాక్టరుతో నడిచే వాలు పళ్లెం యంత్రంలో విత్తనం రాలే వేగాన్ని ఇంజను నిర్ణయించదు. నేలపై దొర్లే చక్రం నిర్ణయిస్తుంది. ఆ చక్రపు తిరుగుడును రోలరు చైను విత్తన పెట్టెల కింది ఇరుసుకు అందిస్తుంది. చైను సాగితే విత్తన మోతాదు తగ్గుతుందని విద్యార్థులు తరచు పొరబడతారు. సాగినంత మాత్రాన తగ్గదు. రెండు పళ్ల చక్రాల పళ్ల సంఖ్యల నిష్పత్తే మోతాదును నిర్ణయిస్తుంది. చైను ఎంత పొడవైనా ఆ నిష్పత్తి మారదు. నష్టం జరిగేది చైను పన్ను మీదుగా జారినప్పుడు.

'సాగడం' అనే మాట కూడా సరైనది కాదు. హాన్స్ రెనాల్డ్ 1880లో మాంచెస్టరులో రూపొందించిన బుష్ రోలరు చైను నిర్మాణమే నేటికీ వాడుకలో ఉంది. పక్క పలకలను కలిపే పిన్ను, దానిపై తిరిగే బుష్, బుష్ మీద దొర్లే రోలరు ఇందులో ముఖ్య భాగాలు. పొడవు పెరగడానికి కారణం పలకలు సాగడం కాదు, పిన్నూ బుష్షూ ఒకదానినొకటి అరగదీసుకోవడం. ఎర్ర నేలల సన్నని ఇసుక నూనెతో కలిస్తే సానపట్టే ముద్ద అవుతుంది. ఒక్కో కీలులో అరుగుదల కంటికి కనిపించనంత స్వల్పమే అయినా, వంద కీళ్లలో కలిసి పెద్దదవుతుంది. పిన్ను నుంచి పిన్నుకు గల దూరమైన పిచ్ పెరిగినకొద్దీ రోలర్లు పళ్ల మొదట్లో కూర్చోక కొనలవైపు ఎక్కుతాయి. ఎరువు గడ్డకట్టో, పళ్లెం బిగుసుకునో భారం పెరిగిన క్షణంలో చైను ఒక పన్ను దాటుతుంది.

ఒక ఉదాహరణ. నేల చక్రం చుట్టుకొలత 1.5 మీటర్లు, రెండు పళ్ల చక్రాలకూ 15 పళ్లు, ఇరుసు ఒక తిరుగుడుకు సాలుకు 15 గింజలు అనుకుందాం. ఒక పన్ను జారితే ప్రతి సాలులో ఒక గింజ తగ్గి, 10 సెం.మీ. ఎడం 20 అవుతుంది. తిరుగుడుకు మూడుసార్లు జారితే అయిదింట ఒక వంతు పోతుంది. 33 మొక్కలకు బదులు 26 మిగులుతాయి.

ఈ లోపాన్ని పొలంలోనే గుర్తుపట్టవచ్చు. గొట్టం పూడుకున్నా, పళ్లెం గుంట మూసుకుపోయినా ఖాళీ ఒక్క సాలులోనే ఉంటుంది. చైను జారితే అన్ని సాళ్లలోనూ ఒకే అడ్డ వరుసలో ఖాళీ పడుతుంది. నేల చక్రం తిరగకుండా ఈడ్చుకుపోయినా అడ్డంగానే పడుతుంది గాని, ఆ ఖాళీలు పొడవుగా, క్రమం లేకుండా ఉంటాయి. విత్తిన రోజున చక్రం రాసుకుపోయిన జాడ కూడా కనిపిస్తుంది. మరో చిక్కు ఉంది. యంత్రాన్ని పైకెత్తి చక్రాన్ని చేత్తో తిప్పి మోతాదు సరిచూసే మన పద్ధతిలో భారం తక్కువ కనుక చైను జారకపోవచ్చు. ఆ పరీక్షలో నెగ్గిన యంత్రమే పొలంలో తప్పుతుంది.

గుత్తి రకాలు పక్కనున్న ఖాళీని పూర్తిగా పూరించలేవు. పైగా పలచబడిన పైరులో తామర పురుగుల ద్వారా వచ్చే వైరస్ తెగుళ్లు హెచ్చుగా కనిపిస్తాయి. 2000లో అనంతపురం జిల్లా వేరుశనగను కాండం కుళ్లు వైరస్ దెబ్బతీసిన తరువాత, మొక్కల సాంద్రత సస్యరక్షణలో కూడా భాగమని మనం రైతులకు చెబుతూనే ఉన్నాం.

కొలవడానికి స్కేలు చాలు. అర అంగుళం, అంటే 12.7 మి.మీ. పిచ్ గల చైనును శుభ్రపరిచి, లాగిపట్టి 24 పిచ్‌ల పొడవు పిన్ను మధ్య నుంచి పిన్ను మధ్యకు కొలవాలి. కొత్తదైతే 304.8 మి.మీ. ఉంటుంది. 3 శాతం పెరిగి 314కు చేరితే చైనును మార్చవలసిందే; బిగుతు సర్దుబాటుకు వీలులేని యంత్రంలో ఆ హద్దు అందులో సగమే. సరి సంఖ్యలో పిచ్‌లు తీసుకోవడానికి కారణముంది. ఒకే లోపలి లింకులోని రెండు బుష్‌లు పలకలకు బిగించి ఉండటం వల్ల వాటి మధ్య దూరం అంతగా మారదు. పెరుగుదల అంతా పక్క లింకులోకి చేరుతుంది. అరిగిన చైనులో పిచ్ ఒకటి విడిచి ఒకటి పెరగడం అందుకే.

వదులైన చైనులో రెండు లింకులు తీసేయడం, తెగినచోట కొత్త ముక్క అతకడం వర్క్‌షాపుల్లో మామూలే. మొదటిది పొడవును తగ్గిస్తుంది గాని పిచ్‌ను తగ్గించదు. రెండవది మరీ చెడ్డది. కొత్త పిచ్, పాత పిచ్ ఒకే పళ్ల చక్రంపై పొసగవు. విత్తనాలు వేసే అదనులో ఒక పూట గడవడానికి అతుకు తప్పకపోవచ్చు, కానీ ఆ తరువాత పూర్తి చైను వేయాలి. పళ్లు కొక్కెంలా వంగి ఉంటే పళ్ల చక్రాలను కూడా మార్చాలి, లేకుంటే కొత్త చైను త్వరగా అరిగిపోతుంది. కొన్నిచోట్ల మోటారు సైకిలు చైను బిగిస్తున్నారు. పిచ్, రోలరు వ్యాసం, లోపలి వెడల్పు మూడూ కలిస్తే అభ్యంతరం లేదు. పిచ్ ఒక్కటే కలిస్తే చాలదు. కొనబోయే రైతు పాత చైను ముక్కతోపాటు పళ్ల చక్రాన్ని కూడా అంగడికి తీసుకువెళ్లడం మేలు.

బిగించేటప్పుడు రెండు పళ్ల చక్రాలూ ఒకే వరుసలో ఉన్నాయో లేదో వాటికి ఆనించి కట్టిన దారంతో చూడాలి. చైను లాకు క్లిప్పు మూసి ఉన్న కొన, చైను కదిలే దిశకు ఉండాలి. తిరగేస్తే రాయికో కంపకో తగిలి ఊడుతుంది. ఇరుసుల మధ్య 60 సెం.మీ. దూరముంటే వదులు పక్క మధ్యలో రెండు సెం.మీ. వరకు కదలిక ఉండవచ్చు. మరీ బిగిస్తే బేరింగులు, పిన్నులు కూడా అరుగుతాయి.

ఈ యంత్రం ఏడాదిలో పనిచేసేది కొద్ది రోజులే. మిగతా కాలం చెట్టు కిందనో కొట్టం పక్కనో ఉంటుంది. ఆ కాలంలో తుప్పు పట్టి లింకులు బిగుసుకుంటాయి. విత్తడం ముగిసిన వారంలోనే చైను విప్పి, డీజిలులో కడిగి ఆరబెట్టి, ఒక రాత్రి ఇంజను నూనెలో నానబెట్టాలి. తరువాత వేలాడదీసి, పైనున్న నూనెను తుడిచి, సంచిలో చుట్టి దాచాలి. నూనె చేరవలసింది రోలరు పైకి కాదు, పిన్నుకూ బుష్‌కూ మధ్యకు. పనిరోజుల్లో నూనె చుక్కలు పలకల మధ్య సందులో పడాలి. కొలత మే నెలలోనే పూర్తికావాలి. తొలకరి తరువాత ఈ నేలల పైపొర తేమ రెండు మూడు రోజులకే ఆరిపోతుంది. అప్పుడు చైను కోసం తిరుపతికో మదనపల్లెకో పరుగెత్తే వ్యవధి ఉండదు.