మంచం దగ్గరే గొంతుకు ఆపరేషన్

గుటక వేసినప్పుడు మెడ ముందు భాగంలో ఒక బుడిపె కదులుతుంది. దానికి కాస్త దిగువన వేలు పెట్టి మెల్లగా తడమండి. గట్టిగా ఉంగరాల్లాంటివి తగులుతాయి. అదే వాయునాళం. మనం పీల్చే గాలి ఊపిరితిత్తులకు పోయే దారి.

కర్నూలు, కడప పల్లెల్లో రాత్రిళ్లు నేలమీద పడుకునేవారిని కట్లపాము కాటేసే ప్రమాదం ఉంది. దాని విషం వల్ల నరాల ఆజ్ఞలు కండరాలకు అందవు. ఊపిరి తీయించే కండరాలు కూడా పనిమానేస్తాయి. అప్పుడు రోగి నోటిగుండా వాయునాళంలోకి గొట్టం దించి, వెంటిలేటర్ అనే యంత్రంతో శ్వాస ఆడిస్తారు. చాలామందికి కొద్ది రోజులు చాలు. కాని కొందరికి, ముఖ్యంగా తలకు పెద్ద దెబ్బ తగిలినవారికి, వారాల తరబడి యంత్రం కావాలి. అన్నాళ్లు నోట్లో గొట్టం ఉంటే స్వరపేటిక ఒరుసుకుపోతుంది. అందుకని మెడమీద చిన్న రంధ్రం చేసి, పొట్టి గొట్టాన్ని నేరుగా వాయునాళంలో అమరుస్తారు. దీన్నే ట్రకియాస్టమీ అంటారు.

1952లో డెన్మార్క్‌లోని కోపెన్‌హాగెన్‌లో పోలియో ప్రబలింది. ఇబ్సెన్ అనే వైద్యుడి సలహాతో రోగులకు ఇలాంటి రంధ్రం ద్వారానే గాలి అందించారు. యంత్రాలు చాలక, వైద్య విద్యార్థులు వంతులవారీగా రబ్బరు సంచులను చేత్తో నొక్కారు! ఇంటెన్సివ్ కేర్ అలా మొదలైంది.

మరి, ఈ పనిని ఆపరేషన్ థియేటర్‌లో కాక రోగి మంచం దగ్గరే చేయవచ్చా? ఆలోచించండి. థియేటర్‌కు తీసుకుపోవాలంటే యంత్రం, ఆక్సిజన్ సిలిండర్, సెలైన్ సీసాలు అన్నీ వెంట కదలాలి. దారిలో గొట్టం ఊడితే ప్రాణానికే ముప్పు.

1985లో అమెరికా వైద్యుడు సియాగ్లియా ఒక సులువైన పద్ధతి ప్రకటించాడు. ముందు సూది గుచ్చుతారు. సూదిగుండా సన్నని తీగ పంపుతారు. తీగ వెంబడి రంధ్రాన్ని క్రమంగా వెడల్పు చేసి గొట్టం దించుతారు. గాయం చిన్నది కాబట్టి చీము పట్టడం తక్కువ. సూది వాయునాళం వెనుక గోడను చీల్చకుండా, బ్రాంకోస్కోప్‌తో లోపలినుంచి కనిపెట్టి చూస్తారు.

అలాగని ప్రమాదమే లేదనుకోకండి. రక్తస్రావం కావచ్చు, గొట్టం దారి తప్పవచ్చు. అందుకే రక్తం సరిగా గడ్డకడుతుందో లేదో ముందే పరీక్షిస్తారు. నిండుగా ఆక్సిజన్ ఇస్తారు. అనుభవమున్న వైద్యులు దగ్గరుంటారు. మెడ బాగా వాచి ఉంగరాలు చేతికి తగలనివారిని థియేటర్‌కే తీసుకువెళ్లడం మేలు. ఇలా రోగులను ఎంచి, జాగ్రత్తగా చేస్తే మంచం దగ్గరి ఆపరేషన్ థియేటర్‌లో చేసినంత క్షేమమేనని పరిశోధనలు తేల్చాయి.

గొట్టం ఉన్నన్నాళ్లు గాలి స్వరతంతువులను తాకదు, కాబట్టి సాధారణంగా రోగికి మాట రాదు. కోలుకున్నాక గొట్టం తీసేస్తే, రంధ్రం చాలామందిలో దానంతటదే పూడుకుపోతుంది. మాట మళ్లీ వస్తుంది.