న్యాసమును మోయువాడు: తెలుగు నేరహాస్యమునందలి యొక పాత్ర

దిల్‌సుఖ్‌నగరునుండి చైతన్యపురి, కొత్తపేటల మీదుగా ఎల్.బి.నగరు వరకు సాగు విజయవాడ రహదారిపై సాయంకాలమున కొంతసేపు నిలిచి చూచినచో, వీపున పెద్ద సంచి తగిలించుకొని మోటారు సైకిళ్లపై పోవు యువకులు అనేకులు కన్పట్టుదురు. 2018 సెప్టెంబరు 24న ఈ దారిపై మెట్రోరైలు నడక సాగించినది. క్రింద శిక్షణాలయములు, వసతిగృహములు, సందుసందునను అంతస్తుల యిండ్లు. ఇంటింటికి సరకు చేర్చుట, రొక్కము పుచ్చుకొని యజమానికి అప్పగించుట యీ యువకుల పని. సరకు వారిది కాదు, సొమ్మును వారిది కాదు. ఇట్టివాడు తప్పటడుగు వేసినచో పుట్టు కథ నవ్వునకు, భయమునకు నడుమ నుండును. ఆ కథాప్రకృతిని ఈ వ్యాసమున పరిశీలింప నెంచితిమి.

పాశ్చాత్యులలో దీనికి ప్రసిద్ధోదాహరణము టామ్ టిక్వర్ 1998లో జర్మను భాషలో నిర్మించిన ‘లోలా రెన్ట్’ అను చిత్రము. మన్నీ యనువాడు దొంగలముఠాకు చెందిన లక్ష మార్కుల సంచిని రైలులో మరచి దిగిపోవును. ఇరువది నిమిషములలో ఆ సొమ్ము సమకూర్చు భారము ప్రియురాలు లోలాపై పడును. 2022లో హిందీలో ‘లూప్ లపేటా’గా ఇది పునర్నిర్మితమైనది. సంచి మరచినవాడు ప్రియుడు, పరుగెత్తునది ప్రియురాలు. ఇది పడమటినుండి వచ్చిన క్రొత్త కల్పన యని విద్యార్థులు కొందఱు తలంచుచున్నారు. మేమట్లు తలంపము.

శూద్రకుని మృచ్ఛకటికమును స్మరింపుడు. తిరుపతి వేంకటకవులు దానిని తెనిగించియుండుటచే మన పాఠకులకది పరాయి గ్రంథము కాదు. తృతీయాంకమున శర్విలకుడు చారుదత్తుని యింట కన్నము వేయును. వసంతసేన దాసియగు మదనికను విడిపించుకొనుటకై యతనికి ధనము కావలెను. చౌర్యమును శాస్త్రముగా నభ్యసించిన ఆ బ్రాహ్మణుడు కొలతత్రాడు తెచ్చుట మరచి, యజ్ఞోపవీతముతో గోడను కొలుచును. లోపల మైత్రేయుడు నిద్రమత్తులో పలవరించుచు, నగలపెట్టెను పుచ్చుకొమ్మని ఒట్టు పెట్టి మరీ దొంగచేతికే అందించును! కాపాడవలసినవాడే అప్పగించినాడు. హాస్యమిచటితో ఆగలేదు. చతుర్థాంకమున శర్విలకుడు ఆ నగలను మదనికకు చూపగా, అవి వసంతసేనవే యని యామె గుర్తించును. యజమానురాలి సొమ్మునే దొంగిలించి, దానితో ఆ యజమానురాలియొద్దనే దాసిని కొనవచ్చినాడన్నమాట. అప్పుడు మదనిక చెప్పిన ఉపాయము మా దృష్టిలో ఈ కథాజాతికి మూలకందము: చారుదత్తుడు పంపిన మనుష్యునివలె నటించి నగలను వసంతసేనకు అప్పగింపుమనును. దొంగ ఆ క్షణమున వాహకుడైనాడు. నేరము సరకు చేర్చు కార్యముగా మాఱినది. దారి చూపినది ప్రియురాలు.

ఇందు ముఖ్యాంశము న్యాసము, అనగా నమ్మి దాచుకొమ్మని యిచ్చిన పరుల సొమ్ము. అది పోయినచో తప్పు ఎవరిదైనను పూచీ పుచ్చుకొన్నవానిది. అందుచేతనే చారుదత్తుడు భార్య రత్నావళిని బదులుగా పంపవలసివచ్చినది. ఈ భారము లేనిచో దొంగతనమే మిగులును, నవ్వు మిగులదు.

తెలుగు చిత్రములలో రామ్‌గోపాల్ వర్మ ‘క్షణక్షణం’ (1991) ఈ త్రోవలోనిదే. బ్యాంకు దోపిడి సొమ్ము జాడ తెలుపు రసీదు, ఫోటోల కవరులో పడి, శ్రీదేవి ధరించిన అమాయిక పాత్రచేతికి వచ్చును. ఏమి మోయుచున్నదో తెలియకయే యామె వాహకురాలైనది. వేంకటేశ్ ధరించినది చిల్లర దొంగ పాత్ర. ఇక్కడ లింగములు తాఱుమాఱైనవి కాని యంత్రము అదే.

రితేష్ రాణా దర్శకత్వమున 2019 డిసెంబరు 25న విడుదలైన ‘మత్తు వదలరా’ మనకు మిక్కిలి సన్నిహితము. ‘శ్రీకృష్ణ పాండవీయం’ (1966)లోని ఘంటసాల పాట పల్లవినుండి తీసిన పేరిది. (క్షణక్షణమునకు సంగీతము కూర్చిన కీరవాణి తనయులే ఇందు నాయకుడును, సంగీతకర్తయును.) కథ హైదరాబాదున నడచును. నాయకుడు సరకు చేర్చు పనివాడు, చాలీచాలని జీతము. తోడివాడొక చిట్కా నేర్పును. కొన్నవారిచ్చిన నోట్ల నెంచునట్లు నటించి, ఒకదానిని చాటుగా తప్పించి, ‘ఒకటి తక్కువైన’దని కట్టను తిరిగి ఇచ్చుట. కొన్నవాడు మరల లెక్కించును, నిజముగనే తక్కువ. ఎదుటివానిని గాక తన లెక్కనే శంకించుకొని మరియొక నోటు చేర్చును. మనుష్యునకు తనపై గల యీ చిన్న అపనమ్మకమే మోసమునకు పెట్టుబడి. ఒక వృద్ధురాలి యింట పాచిక పారక పెనుగులాట జరుగును. ఆమె పడిపోవును, మరణించినదని తలంచి నాయకుడు కంపించును. ఒక్క నోటునకై బయలుదేరినవాడు హత్యానేరము నెత్తిన వేసికొన్నాడు.

ఇక్కడ ప్రేక్షకుడు దేనికి నవ్వుచున్నాడు? వృద్ధురాలి పతనమునకైనచో ఆ నవ్వు నీచము. అపరాధమునకు, ఫలమునకు గల పొంతనలేమికి నవ్వుచున్నాడని మేము భావించుచున్నాము. జీతపు మాట మొదటనే చెప్పియుండుటచేత ఆ నవ్వులో జాలి కలిసినది. అటుపై కథ పెద్ద నేరములలోనికి పోవుకొలది ఆ జీతపు సూత్రము పలుచనైనది. పూర్వభాగము ఉత్తరభాగముకంటె బలవత్తరమనుటకు మాకు సంకోచము లేదు. మదనిక వంటి పాత్ర లేకపోవుట మరియొక లోపము. తప్పు దిద్దు బుద్ధి కథలోపలినుండి పుట్టక, సంఘటనలనుండి వచ్చినది. 2024 సెప్టెంబరు 13న వచ్చిన రెండవ భాగమున ఫరియా అబ్దుల్లా పాత్ర చేరినను, ఆమె నాయకునితో పాటు ఒకే దళమున ఉద్యోగిని. ప్రియుని తప్పు నెత్తికెత్తుకొనిన లోలా కాదు.

పరిశోధకులు గమనింపవలసినది మరొకటి కలదు. ఈ కథలు ఆయా కాలపు సాధనములకు కట్టుబడియుండును. ఫోటో దుకాణపు రసీదు ఇప్పటి యువకులకు వివరింపవలసిన వస్తువైనది. నోటు దాచు చిట్కాయు అట్లే కానున్నది. నేడు కొత్తపేట సందులలో గుమ్మముకడ నిలిచిన యువకుడు నోట్ల కట్టకై చేయి చాచుట అరుదు. ఫోను తెరపై గళ్ల గుర్తును చూపును. కొన్నవాడు తన ఫోనుతో దానిని పట్టి సొమ్ము పంపును. చేరినట్లు మ్రోత వినవచ్చును. తప్పించుటకు నోటు లేదు.