మసి పట్టని రాకెట్ ఇంజిన్

పెట్రోలు గానీ కిరోసిన్ గానీ తగినంత ఆక్సిజన్ లేనిచోట బాగా వేడెక్కితే విడిపోయి, లోహం మీద కార్బన్ పొరగా పేరుకుంటుంది. కారు ఇంజిన్‌లో ఈ మసి ఇంజెక్టర్ల కొసలకూ, వాల్వులకూ, పిస్టన్ల తలలకూ పడుతుంది. దాన్ని వదిలించడానికి పెట్రోలులో పాలీఈథర్ అమీన్ వంటి రసాయనాలు కలుపుతారు. వాటి అణువులోని నైట్రోజన్ భాగం మసిని పట్టుకుంటే, మిగతా భాగం పెట్రోలులో కరిగి దాన్ని లాగేస్తుంది. ఊడిన మసి సిలిండర్‌లో కాలిపోతుంది. పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే ఇంజిన్లలో మాత్రం ఇన్‌టేక్ వాల్వులకు పెట్రోలు తగలదు కాబట్టి, ట్యాంకులో పోసిన క్లీనర్ వాటిదాకా చేరదు.

ఎగిరిన రాకెట్ ఇంజిన్‌ను ఆపి కడగడం కుదరదు. అందుకే మసి పట్టకుండా ఉండే ఏర్పాటు తయారీలోనే జరగాలి. సూళ్లూరుపేటకు తూర్పున, పులికాట్ సరస్సు అవతల ఉన్న శ్రీహరికోట నుంచి ఎగిరే ఎల్‌వీఎం-3 రాకెట్ కోసం ఇస్రో రూపొందిస్తున్న సెమీ క్రయోజెనిక్ ఇంజిన్‌కు ఇదే పెద్ద పరీక్ష. ద్రవ ఆక్సిజన్‌తో కిరోసిన్‌ను మండించి 2,000 కిలోన్యూటన్ల తోపుడు బలం పుట్టించేలా దీన్ని రూపొందించారు.

ఇందులో మసి రెండుచోట్ల ప్రమాదకరం. మొదటిది దహన గది గోడ. మండక ముందు కిరోసిన్ దహన గది గోడలోని సన్నని కాలువల గుండా పారి, ఆ గోడను చల్లబరుస్తుంది. కాలువల్లో కార్బన్ పేరుకుంటే వేడి కిరోసిన్‌లోకి సరిగా దిగదు, గోడ కరిగిపోవచ్చు. కిరోసిన్‌లో గంధకం ఉంటే అది గోడలోని రాగి మిశ్రమలోహాన్ని కూడా తినేస్తుంది. అందుకే మామూలు కిరోసిన్ కాకుండా, బాగా శుద్ధి చేసిన ‘ఇస్రోసీన్’ వాడతారు.

రెండోది పంపులను తిప్పే టర్బైన్. దానికి వేడి వాయువును అందించే గదిలో ఇంధనం ఎక్కువగా, ఆక్సిజన్ తక్కువగా ఉంటే దట్టమైన మసి వస్తుంది. అమెరికా సాటర్న్-5 రాకెట్‌లోని ఎఫ్-1 ఇంజిన్లు ఇలాంటివే. సోవియట్ ఇంజినీర్లు ఎన్‌కే-33, ఆర్‌డీ-170లలో ఆక్సిజన్‌నే ఎక్కువగా ఉంచి మసిని దాదాపుగా తొలగించారు. ఇస్రో ఎంచుకున్నదీ ఈ దారే. అయితే వేడి ఆక్సిజన్‌లో లోహమే మండిపోగలదు. అందువల్ల ప్రత్యేక మిశ్రమలోహాలు, రక్షణ పూతలు తప్పనిసరి.

2023 జులై 1న తమిళనాడులోని మహేంద్రగిరిలో ఈ ఇంజిన్‌పై జరిపిన పరీక్షను టర్బైన్ పీడనం హఠాత్తుగా పెరగడంతో మధ్యలోనే ఆపేశారు. 2025 మార్చి 28న అక్కడే 2.5 సెకన్ల పరీక్ష విజయవంతమైంది. ఈ ఇంజిన్‌తో నడిచే దశ, మెరుగుపరిచిన పై దశ కలిసి పనిచేస్తే, భూస్థిర బదిలీ కక్ష్యకు ఎల్‌వీఎం-3 మోసుకెళ్లే బరువు సుమారు 4 టన్నుల నుంచి 5 టన్నులకు పెరుగుతుంది. 2025 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన శ్రీహరికోట మూడో ప్రయోగ వేదికను ఈ దశ ఉన్న ఎల్‌వీఎం-3కి కూడా అనువుగా నిర్మిస్తారు.