కోతకు ముందే ఆయిల్ మార్పు: వరికోత యంత్రాలలో హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషన్ సంరక్షణ

శ్రీకాకుళం పట్టణానికి దక్షిణాన, జాతీయ రహదారి నుంచి సముద్రతీరం వరకు విస్తరించిన ఎచ్చెర్ల మండలంలో ఖరీఫ్ వరి నవంబరు, డిసెంబరు నెలల్లో కోతకు వస్తుంది. ఆ రోజుల్లో రైతు ఒక కన్ను ఆకాశం మీద, మరొక కన్ను కోత యంత్రం మీద ఉంచుతాడు. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ ఈ ప్రాంతపు జ్ఞాపకంలో ఇంకా పచ్చిగానే ఉన్నాయి. పండిన చేను పొలంలో నిలిచి ఉన్నంత కాలం బంగాళాఖాతంలో ఏర్పడే ప్రతి అల్పపీడనమూ రైతుకు పరీక్షే.

కోత తేదీని నిర్ణయించేది వరి ఒక్కటే కాదు. ఉత్తర కోస్తాలో వరి కోతకు కొద్ది రోజుల ముందు, నేలలో తేమ ఉండగానే, మినుము లేదా పెసర విత్తనాన్ని పైరపంటగా వెదజల్లుతారు. విత్తనం చల్లిన తరువాత కోత ఆలస్యమైతే మొలక వరి నీడలో సన్నగా సాగుతుంది. తరువాత యంత్రం దిగినప్పుడు దాని కింద నలిగిపోతుంది. అందువల్ల పొలం మధ్యలో యంత్రం ఒక్కరోజు ఆగిపోయినా ఆ నష్టం రెండు పంటలకు తగులుతుంది. వలసల వల్ల కూలీల కొరత ఉన్న జిల్లాలో కొడవలి పట్టి ఆ లోటు పూడ్చడమూ సులభం కాదు.

తడి పొలాల్లో దిగే రబ్బరు ట్రాక్ కోత యంత్రాలను రైతులు ‘చైన్ మిషన్లు’ అంటారు. వీటిలో అనేక నమూనాలకు ముందుకు, వెనుకకు నడిపే శక్తి హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషన్, సంక్షిప్తంగా హెచ్.ఎస్.టి., ద్వారా అందుతుంది. క్రీడా మైదానాల్లో, విశ్వవిద్యాలయ ప్రాంగణాల్లో కూర్చుని నడిపే పచ్చిక కోత యంత్రాలలోనూ ఇదే ఏర్పాటు చిన్న పరిమాణంలో ఉంటుంది. ఈ రెండింటిలోనూ తరచుగా నిర్లక్ష్యానికి గురయ్యే పని ఒక్కటే: సకాలంలో ఆయిల్ మార్చడం.

ఆయిలే ఇరుసు

1954లో ఇంగ్లండులోని జాతీయ వ్యవసాయ ఇంజనీరింగ్ సంస్థ హైడ్రోస్టాటిక్ ట్రాక్టరును ప్రయోగాత్మకంగా నడిపి చూపింది. 1967లో అమెరికాలో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ సంస్థ 656 హైడ్రో ట్రాక్టరును విపణిలోకి తెచ్చింది. నాటి నుంచి నేటి వరకు సూత్రం మారలేదు. ఇంజను ఒక పంపును తిప్పుతుంది. పంపులోని పిస్టన్లు ఒక వాలు పళ్లెంపై ఆనుకొని కదులుతాయి. డ్రైవరు లీవరును జరిపినప్పుడు ఆ పళ్లెం వాలు మారుతుంది. దానితో పాటు పంపు నెట్టే ఆయిల్ పరిమాణమూ మారుతుంది. ఆ ఆయిల్ హైడ్రాలిక్ మోటారును తిప్పి, మళ్లీ పంపుకే చేరుతుంది. వాలు సున్నా అయితే యంత్రం నిలుస్తుంది. వ్యతిరేక దిశలో వాలితే వెనుకకు నడుస్తుంది.

గేరు పెట్టెలో ఆయిల్ పని పళ్ల మధ్య ఒరిపిడిని తగ్గించడం. హెచ్.ఎస్.టి.లో అది అంతకు మించిన పని చేస్తుంది. ఇంజనుకూ ట్రాకుకూ మధ్య బలాన్ని మోసే ఇరుసు ఆయిలే. అదే చల్లబరుస్తుంది, అదే కందెనగా పనిచేస్తుంది, పిస్టనుకూ దాని గదికీ మధ్య సీలుగా నిలిచేదీ అదే. ఆ సందులు కొన్ని మైక్రాన్ల నుంచి కొన్ని పదుల మైక్రాన్ల వరకు మాత్రమే ఉంటాయి. సుమారు 40 మైక్రాన్లకంటె చిన్న రేణువును మన కన్ను పట్టలేదు. అంటే చూపుకు శుభ్రంగా కనిపించే ఆయిల్ కూడా పంపును అరగదీయగలదు.

ఉదయం లాగి, మధ్యాహ్నం నీరసించే యంత్రం

క్షేత్రంలో తరచుగా వినవచ్చే ఫిర్యాదు ఇది: ‘పొద్దున్న బాగానే లాగింది, ఎండెక్కేసరికి బలం పోయింది.’ డ్రైవరు సహజంగా ఇంజనును అనుమానిస్తాడు. కారణం చాలాసార్లు ఆయిల్ చిక్కదనంలో ఉంటుంది. 40 డిగ్రీల సెల్సియస్ వద్ద 46 సెంటీస్టోక్సుల చిక్కదనం గల సాధారణ ఖనిజ ఆయిల్ 100 డిగ్రీల వద్ద సుమారు 7 సెంటీస్టోక్సులకు పడిపోతుంది. వేడెక్కి పలుచబడిన ఆయిల్ అరిగిన సందుల గుండా లోలోపలే జారిపోతుంది. జారిన ఆయిల్ పని చేయదు సరికదా, వేడిని పెంచుతుంది. పెరిగిన వేడి ఆయిల్‌ను మరింత పలుచన చేస్తుంది. ధూళి, గడ్డి నలుసులు కూలరు రెక్కలను మూసివేసినప్పుడు ఈ విషవలయం ఇంకా త్వరగా బిగుస్తుంది.

ఆయిల్ రూపం కూడా స్థితిని తెలుపుతుంది. పాలవలె తెల్లబారితే నీరు చేరినట్లు. నల్లబడి మాడు వాసన వస్తే అతిగా వేడెక్కినట్లు. నురుగు నిలిస్తే పీల్చే వైపు గాలి చొరబడుతున్నట్లు, లేదా మట్టం తగ్గినట్లు. అనుమానం ఉంటే ఒక చుక్కను బాగా కాలిన లోహపు పళ్లెంపై జాగ్రత్తగా వేయాలి; చిటపటమంటే అందులో తేమ ఉంది.

మార్చే విధానం

ఆయిల్ రకం, పరిమాణం, మార్చవలసిన గంటలు నమూనాను బట్టి మారుతాయి. తొలి మార్పు సాధారణంగా 50 నుంచి 100 గంటలలోపు, తరువాతివి కొన్ని వందల గంటలకు ఒకసారి ఉంటాయి. యంత్రంతో వచ్చిన పుస్తకమే తుది ప్రమాణం. కొన్ని పచ్చిక కోత యంత్రాల తయారీదారులు 20డబ్ల్యు-50 ఇంజన్ ఆయిల్‌నే సూచిస్తారు. అనేక కోత యంత్రాలకు ట్రాక్టరు ట్రాన్స్‌మిషన్, హైడ్రాలిక్ ఆయిల్ నిర్దేశిస్తారు. ఒకదానికి సరిపడినది మరొకదానికి హాని చేయవచ్చు. కనుక డబ్బా రంగును కాక, దానిపై ముద్రించిన ప్రమాణాన్ని చూసి కొనాలి.

యంత్రాన్ని కొద్దిసేపు నడిపి ఆయిల్ గోరువెచ్చగా అయిన తరువాత సమతలంపై నిలపాలి. కోత బల్లను నేలకు దించి, బ్రేకు వేసి, ఇంజను ఆపి తాళం తీయాలి. మూత, డ్రెయిన్ బిరడా, ఫిల్టరు చుట్టూ ఉన్న మట్టిని విప్పకముందే తుడవాలి. నూలు పోగులు రాలే గుడ్డ పనికిరాదు.

పాత ఆయిల్‌ను శుభ్రమైన పళ్లెంలోకి దించి కొలవాలి. నిర్ణీత పరిమాణం కంటె తక్కువ వస్తే కారుతున్న చోటును వెతకాలి. అయస్కాంత బిరడాకు బూడిదరంగు సన్నని ముద్ద అంటడం మామూలే. మెరిసే రేకులు కనిపిస్తే పంపు అరుగుతున్నదని గ్రహించి నిపుణుని పిలవాలి. ఫిల్టరును ప్రతి మార్పులోనూ కొత్తది వేయాలి. దాని రబ్బరు వలయానికి కొద్దిగా ఆయిల్ రాసి చేతితో బిగించాలి. కొత్త ఆయిల్‌ను జాలి ఉన్న గరాటు ద్వారా పోయాలి.

చాలామంది ఇక్కడితో పని ముగిసిందనుకుంటారు. వలయంలో చిక్కిన గాలిని వెళ్లగొట్టకపోతే కొత్త ఆయిల్ వేసిన రోజే పంపు దెబ్బతినవచ్చు. ఇంజనును తక్కువ వేగంలో, లీవరును తటస్థంలో ఉంచి కొన్ని నిమిషాలు నడపాలి. తరువాత ఖాళీ స్థలంలో లీవరును మెల్లగా ముందుకు, వెనుకకు అయిదారుసార్లు జరపాలి. మూలుగు శబ్దం తగ్గి కదలిక సాఫీగా మారితే గాలి పోయినట్లే. ఇంజను ఆపి మట్టం చూసి, తగ్గినంత నింపాలి.

గొట్టంలో లీకును ఎన్నడూ చేతితో తడిమి వెతకరాదు. పని చేస్తున్నప్పుడు ఒత్తిడి 200 బార్లు దాటగలదు. సూదివంటి ధార చర్మాన్ని చీల్చి ఆయిల్‌ను లోపలికి ఎక్కిస్తుంది. గాయం చిన్నదిగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. అట్టముక్కను అడ్డుపెట్టి చూడడం క్షేమం.

ఆయిల్ మార్పు ఏమి చేయలేదు

అరిగిపోయిన పంపును కొత్త ఆయిల్ బాగుచేయదు. బలం తగ్గిన యంత్రంలో మరింత చిక్కని ఆయిల్ పోయించడం కొందరి అలవాటు. కొన్ని రోజులు లాగినట్లే కనిపిస్తుంది. కాని చలి ఉదయాల్లో ఆ చిక్కని ఆయిల్ పంపుకు సకాలంలో అందదు. ఆయిల్ కరవైన పంపులో బుడగలు పగిలి లోహం గుంటలు పడుతుంది. ఆయిల్ మార్పు నివారణ మాత్రమే, చికిత్స కాదు. రైతుకు, అద్దె యంత్రాల యజమానికి ఈ భేదం చెప్పడం విస్తరణ శాస్త్రవేత్త బాధ్యత.

దించిన ఆయిల్‌ను పొలంలో, కాలువలో పారబోయరాదు. ప్రమాదకర వ్యర్థాల నియమాలు, 2016 పరిధిలోకి వాడిన ఆయిల్ కూడా వస్తుంది. దానిని మూత ఉన్న డబ్బాలో భద్రపరచి, అనుమతి పొందిన సేకరణదారులకు అప్పగించాలి.

ఎప్పుడు చెప్పాలి

ఈ సలహా నవంబరులో ఇస్తే ఆలస్యమైనట్లే. అప్పటికి యంత్రం పొలంలో ఉంటుంది. ఒక పూట ఆపడానికి యజమాని ఒప్పుకోడు, ఆపనివ్వడానికి వరుసలో ఉన్న రైతులూ ఒప్పుకోరు. వరి పొట్టదశలో ఉండే సెప్టెంబరు, అక్టోబరులలోనే అద్దె యంత్రాల కేంద్రాలలో గంటల మీటరు, ఆయిల్ మార్చిన తేదీ నమోదు చేసే చిన్న పుస్తకాన్ని తెరిపించాలి. గ్రామాలలో పని అనుభవం పొందే నైర వ్యవసాయ కళాశాల విద్యార్థులకు ఇది చక్కని అభ్యాసం కాగలదు. కొత్త ఆయిల్, సీజను నడిచిన ఆయిల్, నీరు చేరిన ఆయిల్ మూడు గాజు సీసాలలో పోసి పక్కపక్కన ఉంచితే, గంట ఉపన్యాసం చెప్పలేనిది డ్రైవరుకు ఒక్క చూపులో తెలుస్తుంది.

పంటకు ఎరువు ఎప్పుడు వేయాలో చెప్పే మన క్యాలెండరులో, ఆ పంటను ఇంటికి చేర్చే యంత్రానికి ఆయిల్ ఎప్పుడు మార్చాలో చెప్పే ఒక వరుస కూడా చేర్చవలసి ఉంది.