సీసాలో ఎరుపు, ఫొటోలో నలుపు

మా ల్యాబ్ ఫ్రిజ్‌లో బంగారం ఉంటుంది. తాళం వెయ్యం. దొంగ వచ్చినా గుర్తుపట్టలేడు. చిన్న ప్లాస్టిక్ గొట్టం, అడుగున కాసిని ముదురెరుపు నీళ్లు, అంతే. హైదరాబాద్‌లో ఒక ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. పెళ్లిళ్లలో ఎవరైనా "నువ్వేం చేస్తుంటావమ్మా" అని అడిగితే "బంగారం పని" అంటాను. వెంటనే తరుగు ఎంత, మజూరీ ఎంత అని మొదలుపెడతారు. తరుగు మాకూ ఉంది, దాని సంగతి తర్వాత చెప్తాను.

ఆ ఎర్రనీళ్లలో ఉన్నవి గుండ్రటి బంగారు రేణువులు. ఎక్కువగా వాడేవి 10 నానోమీటర్లవి. ఒక మిల్లీమీటరులో పది లక్షల నానోమీటర్లు. అంత చిన్న రేణువులోనూ దాదాపు 31 వేల బంగారు పరమాణువులు పడతాయి. లెక్క వేసి చూస్తే ఒక గ్రాము బంగారంతో వెయ్యి కోట్ల కోట్ల రేణువులు తయారవుతాయి. ఒక్క కాసు ఉంటే నా సర్వీసంతా గడిచి ఇంకా మిగులుతుంది. కాబట్టి ఈ గొట్టాలు ఖరీదైనవంటే కారణం బంగారం కాదు, దానికి అంటించిన యాంటీబాడీ.

బంగారం ఎర్రగా ఎందుకుంది? ఈ సైజులో రేణువు మీదున్న ఎలక్ట్రాన్లన్నీ పచ్చ కాంతికి కలిసి ఊగుతాయి. ఆ ఊపులో పచ్చ కాంతిని మింగేస్తాయి. మన కంటికి చేరేది మిగిలిన ఎరుపు. లండన్‌లో మైకేల్ ఫారడే 1857లోనే ఈ ఎరుపు సన్నటి బంగారు రేణువులదేనని తేల్చాడు. ఆయన తయారుచేసిన సీసాలు కొన్ని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఇప్పటికీ ఉన్నాయి.

ఇంతకీ మైక్రోస్కోప్‌కి బంగారంతో ఏం పని? ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో రంగులుండవు, అంతా బూడిద రంగే. కణం లోపలి పొరలు, సంచులు, మైటోకాండ్రియాలు చక్కగా కనిపిస్తాయి గానీ, ఏ ప్రోటీన్ ఎక్కడుందో తెలీదు. బొమ్మలో ఒక ప్రోటీన్‌కీ ఇంకో ప్రోటీన్‌కీ తేడా ఉండదు. మామూలు మైక్రోస్కోప్‌లో మెరిసే రంగులతో ప్రోటీన్‌ని చూడొచ్చు. ఆ ఫొటోలు చూడముచ్చటగా ఉంటాయి, పత్రికల కవరు పేజీలెక్కుతాయి. కానీ కాంతికి ఒక హద్దుంది. 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కలు ఒకటిగా కలిసిపోతాయి. ఈమధ్య వచ్చిన సూపర్ రిజల్యూషన్ పద్ధతుల్ని పక్కన పెడితే, ఆ మైక్రోస్కోప్ ప్రోటీన్ కణంలో ఏ మూల ఉందో చెప్పగలదు గానీ, ఏ పొరకి లోపల, ఏ పొరకి బయట అన్నది చెప్పలేదు. చాలా జబ్బుల గుట్టు ఆ లోపలా బయటా తేడాలోనే ఉంటుంది.

అందుకే యాంటీబాడీకి బంగారం కడతాం. యాంటీబాడీ తనకి సరిపడ్డ ప్రోటీన్‌ని వెతికి పట్టుకుంటుంది. బంగారం పరమాణు సంఖ్య 79. కణంలో ఎక్కువగా ఉండే కార్బన్‌ది 6, ఆక్సిజన్‌ది 8. బంగారం మీద పడ్డ ఎలక్ట్రాన్లు చెదిరిపోతాయి, ఆ చోట ఫొటోలో నల్లటి చుక్క పడుతుంది. అంచు గీసినట్టు ఉండే, అంత నల్లటి, అంత గుండ్రటి వస్తువు కణంలో మరోటి లేదు. బొమ్మ తేటగా రావాలని పట్టించే సీసం మరక గడ్డకడితే నల్లమచ్చలు వస్తాయి గానీ వాటి అంచులు గరుకుగా, సైజులు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటాయి. కొన్నాళ్లు చూస్తే కంటికి అలవాటైపోతుంది.

బంగారం కంటే ముందు ఇనుముతో ప్రయత్నించారు. 1959లో అమెరికాలో సింగర్ అనే శాస్త్రవేత్త, నడిమధ్యలో ఇనుము పొదిగి ఉండే ఫెరిటిన్ అనే ప్రోటీన్‌ని యాంటీబాడీకి తగిలించాడు. పని జరిగింది గానీ ఫెరిటిన్ బొమ్మలో మసకగా కనిపించేది. 1971లో ఫాక్, టేలర్ అనే ఇద్దరు బంగారు రేణువుల మీద యాంటీబాడీ ఎక్కించి, సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఒంటి మీది పదార్థాల్ని గుర్తించారు. 1978లో జెనీవాలో రోత్, బెండయాన్, ఓర్చి ఇంకో సులువుని వాడుకలోకి తెచ్చారు. స్టెఫిలోకాకస్ బ్యాక్టీరియాలో దొరికే 'ప్రోటీన్ ఏ' యాంటీబాడీల తోకని పట్టుకుంటుంది. దానికి బంగారం కట్టి ఉంచుకుంటే చాలు, ప్రతి కొత్త యాంటీబాడీకీ మళ్లీ మొదట్నుంచి బంగారం ఎక్కించే తిప్పలు తప్పాయి.

ఇప్పుడందరూ తయారు సరుకే కొంటారు. నేను చేరిన కొత్తలో మేమే కాచుకునేవాళ్లం. పద్ధతి పాతదే. 1951లో టర్కెవిచ్ బృందం చెప్పింది, 1973లో ఫ్రెన్స్ సైజుల లెక్క కట్టాడు. గోల్డ్ క్లోరైడ్‌ని పల్చగా నీళ్లలో కలిపి మరిగించి, సోడియం సిట్రేట్ పోయడమే. లేత పసుపు నీళ్లు ముందు రంగు పోయి తేటబడతాయి, తర్వాత నల్లబడినట్టు, ఊదాగా మారతాయి, ఆపైన ఎర్రబడి నిలుస్తాయి. సిట్రేట్ ఎక్కువ పోస్తే రేణువులు చిన్నవి, తగ్గిస్తే పెద్దవి. గాజు ఫ్లాస్కులు మచ్చ లేకుండా ఉండాలి. వాటిని ఆమ్లంతో కడగడమే సగం పని.

అసలు చూడాల్సింది తర్వాతి మెట్టు. ఈ రేణువుల ఒంటి మీద రుణావేశం ఉంటుంది, అందుకే ఒకదాన్నొకటి నెట్టుకుంటూ నీళ్లలో విడివిడిగా తేలుతుంటాయి. ఉప్పు వేస్తే ఆ నెట్టుడు తగ్గి, ముద్దకట్టేస్తాయి. ముద్దకట్టిన బంగారం ఎర్రగా ఉండదు, నీలంగా మారిపోతుంది. రేణువు చుట్టూ ప్రోటీన్ నిండుగా కప్పి ఉంటే మాత్రం ఉప్పు దాన్నేం చెయ్యలేదు. అందుకని వరసగా చిన్న గొట్టాలు పెట్టి, అన్నింట్లో బంగారం సమానంగా పోసి, ప్రోటీన్ మాత్రం ఒక్కో గొట్టంలో కొంచెం కొంచెం పెంచుకుంటూ పోస్తాం. చివర్న అన్నింట్లో ఉప్పునీళ్లు. మొదటి గొట్టాలు చూస్తుండగానే నీలంగా, ఊదాగా తిరిగిపోతాయి. వరసలో ఎరుపు నిలిచిన మొదటి గొట్టం ఎక్కడుందో అంత ప్రోటీన్ చాలన్నమాట. ఏ మీటరూ అక్కర్లేదు, కళ్లుంటే చాలు. తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే మంచి సరుకు అడుగున జారుడుగా ఎర్రగా దిగుతుంది, ముద్దకట్టింది గొట్టం గోడకి నల్లగా అంటుకుంటుంది. ఆ నల్లదే మా తరుగు.

ఇక కోత. కణజాలాన్ని రెసిన్‌లో గడ్డకట్టించి, వజ్రపు కత్తితో 70 నానోమీటర్ల మందాన కోస్తాం. కోసిన ముక్కలు కత్తి వెనక తొట్టిలోని నీళ్ల మీద తేలతాయి. వాన రోడ్డు మీద పెట్రోలు చుక్క రంగులు మారినట్టే వీటి మందాన్ని బట్టి రంగు కనిపిస్తుంది. వెండి రంగులో తేలితే మందం సరిపోయినట్టు. బంగారు రంగులో తేలితే మందమెక్కువ, పక్కన పెట్టేస్తాం. బంగారం పనిలో బంగారు రంగు ముక్క పనికిరాదంటే మా అత్తగారు నమ్మలేదు.

ఆ ముక్కల్ని 3 మిల్లీమీటర్ల గ్రిడ్ మీదికి తీసుకుంటాం. మామూలుగా రాగి గ్రిడ్లు వాడతారు గానీ ఉప్పు ద్రావణాల్లో గంటలకొద్దీ ఉంచితే రాగి చిలుము పడుతుంది, అందుకని నికెల్. నికెల్‌కి అయస్కాంతం గొడవ ఉంది. పట్టకారుకి అంటుకుని వదలదు, వదిలితే ఎటో ఎగురుతుంది. పారాఫిల్మ్ పరిచి, దాని మీద ద్రావణాల బొట్లు వరసగా పెట్టి, గ్రిడ్‌ని ఒక బొట్టు మీంచి ఇంకో బొట్టు మీదికి బోర్లా తేలేస్తూ పోవడమే పని. ముందు గ్లైసిన్, తర్వాత ఖాళీ చోట్లని మూసే ప్రోటీన్, తర్వాత మన ప్రోటీన్‌ని పట్టుకునే మొదటి యాంటీబాడీ, కడుగుళ్లు, దాన్ని పట్టుకునే రెండో యాంటీబాడీకో 'ప్రోటీన్ ఏ'కో కట్టిన బంగారం, మళ్లీ కడుగుళ్లు. మూసే ప్రోటీన్ సరిగ్గా పట్టకపోతే బంగారం కనపడ్డ చోటల్లా అతుక్కుంటుంది. మే నెలలో మన ఎండలకి బొట్టు చూస్తుండగానే కుంచించుకుపోతుంది. మూతపెట్టిన పెట్రీ డిష్‌లో తడి ఫిల్టర్ కాగితం వేసుకోవడం ఇక్కడ తప్పనిసరి.

ఇక మైక్రోస్కోప్ గదిలో రోజూ జరిగే సంభాషణ ఇది.

"మేడమ్, వచ్చేశాయి!"

"ఏవమ్మా?"

"చుక్కలు మేడమ్. ఎన్నున్నాయో చూడండి!"

"మైటోకాండ్రియాలో కూడా ఉన్నాయి కదా. నీ ప్రోటీన్ అక్కడ ఉండాలా?"

"ఉండకూడదు మేడమ్."

"మొదటి యాంటీబాడీ వెయ్యని గ్రిడ్ ఏది?"

"అది... ఇంకా చూళ్లేదు మేడమ్."

ఆ గ్రిడ్ మీద కూడా చుక్కలుంటే అవి ఊరికే అతుక్కున్నవన్నమాట. అందుకే చుక్క కనిపించగానే సంబరపడే వాళ్లని చూసి నేను సంబరపడను. బంగారం ప్రత్యేకత నలుపు కాదు, లెక్కకి దొరకడం. మెరిసే రంగు ఎంత ఉందో వెలుగుని బట్టి అంచనా వేసుకోవాలి. ఇక్కడ చుక్కలు విడివిడిగా ఉంటాయి, వేలుపెట్టి లెక్కించొచ్చు. ఒక చదరపు మైక్రోమీటరుకి సంచిలో ఎన్ని, మైటోకాండ్రియాలో ఎన్ని, ఏమీ లేని రెసిన్‌లో ఎన్ని. ఆ మూడంకెలూ పక్కపక్కన పెడితే గానీ సంచిలోని చుక్కలకి విలువ రాదు. అందమైన ఒక్క ఫొటో తీసి సిద్ధాంతం రాసేవాళ్లంటే నాకు మొదట్నుంచీ అనుమానమే.

ఈ లెక్క ఎంత దూరం తీసుకెళ్లగలదో చెప్పడానికి నేనెప్పుడూ ఇన్సులిన్ కథే చెప్తాను. షుగరున్న ఇల్లు లేని వీధి మనకి లేదు కాబట్టి అందరికీ ఎక్కుతుంది. క్లోమంలోని బీటా కణాలు ఇన్సులిన్‌ని నేరుగా తయారుచెయ్యవు. ముందు ప్రోఇన్సులిన్ అనే పొడవాటి గొలుసుని తయారుచేస్తాయి. షికాగోలో డోనాల్డ్ స్టైనర్ 1967లో ఈ సంగతి బయటపెట్టాడు. దాని మధ్యలోంచి సి-పెప్టైడ్ అనే ముక్కని కత్తిరించి తీసేస్తే మిగిలేది ఇన్సులిన్. డాక్టరు రాసే సి-పెప్టైడ్ పరీక్షలో కొలిచేది ఆ ముక్కనే. మరి కణంలో ఈ కత్తిరింపు ఎక్కడ జరుగుతుంది? ప్రోటీన్లని సర్ది పంపే గాల్జీ పొరల్లోనా, లేక అక్కడ్నుంచి మొగ్గ తొడిగి విడిపడే సంచుల్లోనా? ఇన్సులిన్ సంచి అడ్డంగా 300 నానోమీటర్లు ఉంటుందేమో, గాల్జీ పొరలు ఇంకా సన్నం. మామూలు మైక్రోస్కోప్‌కి ఈ ప్రశ్న అందదు.

1985లో జెనీవాలో లెలియో ఓర్చి బృందం ప్రోఇన్సులిన్‌కి మాత్రమే అంటుకుని, కత్తిరింపయిన ఇన్సులిన్‌ని వదిలేసే యాంటీబాడీని తీసుకుని దాని వెనక బంగారం పంపింది. గాల్జీ పొరల్లో చుక్కలు దండిగా ఉన్నాయి. అప్పుడే విడిపడిన, క్లాత్రిన్ అనే ప్రోటీన్ తొడుగు ఇంకా ఒంటి మీదున్న సంచుల్లోనూ ఉన్నాయి. తొడుగు ఊడిపోయి ముదిరిన సంచుల్లో మాత్రం దాదాపు లేవు. అంటే గాల్జీలోంచి ప్రోఇన్సులిన్ ప్రోఇన్సులిన్‌గానే బయటికొస్తోంది, తొడుగున్న లేత సంచి ముదిరేలోపు కత్తిరింపు పూర్తవుతోంది. మరుసటి ఏడాది వాళ్లే ఆమ్లత ఉన్నచోట పోగుపడే ఒక రసాయనాన్ని కణాలకిచ్చి, దాన్ని కూడా బంగారంతోనే పట్టుకున్నారు. సంచి ముదిరే కొద్దీ లోపల పులుపు పెరుగుతోంది, ఆ పెరుగుదలతో పాటే కత్తిరింపూ సాగుతోంది. ఇదంతా చుక్కలు ఏ సంచిలో ఉన్నాయి, ఏ సంచిలో లేవు అన్న లెక్కతో తేలిందే.

'లేవు' అన్నమాట దగ్గర జాగ్రత్త అవసరం. యాంటీబాడీ రెసిన్ లోపలికి దూరదు, ముక్క పైతలం మీద బయటపడ్డ ప్రోటీన్లకే అంటుకుంటుంది. 70 నానోమీటర్ల మందంలో మిగతావన్నీ తప్పించుకుంటాయి. బొమ్మ బాగా రావాలని ఆస్మియం పట్టిస్తే ప్రోటీన్ ఆకారం చెడి యాంటీబాడీ దాన్ని గుర్తే పట్టదు. బొమ్మ కావాలా చుక్క కావాలా అన్న బేరం ఈ పనిలో రోజూ ఉంటుంది. ఈ బేరంలో మనకి కాస్త మొగ్గు తెచ్చినవాడు టొకుయాసు. 1973లో ఆయన రెసిన్ వదిలేసి, కణజాలాన్ని చక్కెర నీళ్లలో నానబెట్టి గడ్డకట్టించి, ఆ చలిలోనే కోశాడు. కోసిన ముక్కల్ని ఎత్తడానికి తీగ చుట్టలో పట్టిన పాకం బొట్టు వాడతారు. పాకమంటే పాకమే, లీటరుకి 790 గ్రాముల దాకా చక్కెర. అది తగలగానే ముడుచుకున్న ముక్క సాఫుగా విచ్చుకుంటుంది. డయాబెటిస్ మీద పనిచేసే పిల్లలకి ఆ చక్కెర తూచే పని అప్పగించడం మా ల్యాబ్‌లో పాత సరదా.

కరోనా రోజుల్లో ముక్కులో పుల్ల పెట్టి చేసిన ర్యాపిడ్ పరీక్షలు గుర్తున్నాయా? చాలా కిట్లలో కనిపించిన ఎర్రగీత ఈ బంగారమే. అక్కడ లెక్కలేనన్ని రేణువులు ఒక గీత మీద పోగుపడితే కంటికి ఎరుపు కనిపిస్తుంది. మా దగ్గర ఒక్కో రేణువునీ విడిగా చూస్తాం.

కొత్తగా వచ్చే పిల్లలు ఏ సైజు కొనాలని అడుగుతారు. రెండు యాంటీబాడీలు ఒకదాని మీద ఒకటి ఎక్కితే బంగారం అసలు ప్రోటీన్‌కి 20 నానోమీటర్ల దూరంలో కూడా పడొచ్చు, కాబట్టి పొరకి ఇవతలా అవతలా అన్న పంచాయతీ ఉంటే రెండో యాంటీబాడీ మానేసి 'ప్రోటీన్ ఏ' బంగారం వాడమంటాను. రేణువు చిన్నదయ్యే కొద్దీ ఎక్కువగా అంటుకుంటుంది గానీ వెతుక్కోవడం కష్టం. 1.4 నానోమీటర్లది మరీ చిన్నది, దాని మీద వెండి పేర్చి పెంచుకుంటే గానీ ఈ ముక్కల్లో కనపడదు, ఆ పెంచడంలో సైజులు చెదురుతాయి. ఒకే ముక్కలో రెండు ప్రోటీన్లు చూడాలంటే 5, 15 కలిపి తీసుకోవాలి, దగ్గర సైజులైతే ఏది ఏదో తేలదు. మొదటిసారి చేసేవాళ్లకి నేనైతే 10 నానోమీటర్లదే ఇస్తాను, దానితో పాటు యాంటీబాడీ వెయ్యని గ్రిడ్ ఒకటి. ముందు దాన్ని చూసి రమ్మంటాను.