స్టీరియోస్కోపులో శిథిల నగరాలు

ఒక కన్ను మూసుకొని సూదిలో దారం ఎక్కించడం ఎంత కష్టమో చాలామందికి అనుభవమే. మన కన్నుల మధ్య దూరం సుమారు 6.5 సెంటీమీటర్లు. అందుచేత ఒకే వస్తువు రెండు కన్నులకూ కొద్దిగా వేరుగా కనబడుతుంది. ఈ రెండు బింబాలను కలిపి మెదడు దగ్గర, దూరాలను గ్రహిస్తుంది.

చంద్రగిరి కోట ఎదుట నిలిచి, చేయి చాచి బొటనవ్రేలు నిలబెట్టి, కన్నులను మార్చి మార్చి మూసి చూడండి. వెనుకనున్న కొండమీద వ్రేలు అటూ ఇటూ జరిగినట్లు తోస్తుంది. వ్రేలిని ముఖానికి దగ్గరగా తెస్తే ఆ జరుగుబాటు ఇంకా ఎక్కువవుతుంది. స్టీరియోస్కోపుకు ఆధారం ఇదే.

1838లో వీట్‌స్టన్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రెండు బొమ్మలను, రెండు అద్దాలను ఉపయోగించి ఈ సంగతి నిరూపించాడు. 1849లో బ్రూస్టర్ అద్దాలకు బదులు కటకాలు అమర్చి, పరికరాన్ని చిన్న పెట్టెగా మార్చాడు. 1861లో అమెరికాలో హోమ్స్ అనే వైద్యుడు చేత పట్టుకొని చూసే చౌక నమూనాను రూపొందించాడు. జంట కటకాల కెమేరాతో తీసిన చిత్రాలను అట్టకు అంటించి ఇందులో చూసేవారు.

ఆ కాలపు గాజుపలకల మీద చిత్రం పడడానికి చాలాసార్లు కొన్ని సెకన్లు పట్టేది. పరుగెత్తే సైనికుడు చిత్రంలో చెదిరిపోతాడు. కూలిన గోడ కదలదు. కనుకనే ఆనాటి యుద్ధచిత్రాలలో పోరాటం కానరాదు, దాని ఫలితమే కనిపిస్తుంది.

1865 ఏప్రిల్‌లో అమెరికా అంతర్యుద్ధం చివర రిచ్‌మండ్ నగరం కాలిపోయింది. గార్డ్‌నర్ మొదలైనవారు అక్కడి శిథిలాలను చిత్రించారు. జంటచిత్రాలలో కాలిన పిండిమరల గోడలు ఒకదాని వెనుక ఒకటిగా లేచి నిలుస్తాయి. చూచినవారు, గెలిచిన సైన్యమే నగరాన్ని తగులబెట్టిందని అనుకోవచ్చు. నిజానికి ఓడి వెళ్ళిపోతున్న దక్షిణ సైన్యం పొగాకు గిడ్డంగులకు పెట్టిన నిప్పే వ్యాపించింది. దానిని ఆర్పినది లోపల ప్రవేశించిన ఉత్తర సైనికులు. స్టీరియోస్కోపు లోతును చూపగలదు గాని కారణాన్ని చెప్పలేదు. అందుకు చరిత్ర పత్రాలు కావాలి.

మన దేశంలోనూ ఈ కళ త్వరలోనే ప్రవేశించింది. 1565 యుద్ధం తరువాత పాడుపడిన విజయనగరాన్ని 1856లో గ్రీన్‌లా అనే సైనికాధికారి పెద్ద కాగితపు నెగటివుల మీద చిత్రించాడు. అవి ఒంటిచిత్రాలు. మద్రాసు ప్రభుత్వ ఛాయాగ్రాహకుడు ట్రైప్ 1858లో మధుర, తంజావూరు, తిరుచిరాపల్లి ప్రాంతాల జంటచిత్రాలను వెలువరించాడు.

2005 మే 5న శ్రీహరికోట నుంచి వెళ్ళిన కార్టోశాట్-1 ఉపగ్రహానిది కూడా ఇదే సూత్రం. ముందుకు ఒకటి, వెనుకకు ఒకటి వంచి అమర్చిన రెండు కెమేరాలు ఒకే ప్రదేశాన్ని రెండు స్థానాల నుంచి చూశాయి. అలా కొండల ఎత్తులు లెక్కకట్టడం సాధ్యమైంది.

విద్యార్థులు ఫోనుతో ఒక చిత్రం తీసి, దానిని 6.5 సెంటీమీటర్లు పక్కకు జరిపి రెండవది తీయవచ్చు. రెండింటినీ పోల్చి, ఏ వస్తువు ఎంత జరిగిందో కొలిస్తే, ఏది దగ్గరో ఏది దూరమో స్కేలుతోనే తేల్చవచ్చు.